మోతి పొట్ట ఎవరు ఒత్తాలి

మోతి నన్ను చూసి కూడా లేవలేదు. దానికేదో అయిందని అప్పుడే తెలిసింది. డెబ్బైల చివర్లో ఒక ఎండాకాలం, వర్ధన్నపేటలో మా అక్క వాళ్ళింటికి వెళ్ళాను. ఎప్పుడూ వాకిట్లోకి అడుగు పెట్టకముందే మీదికెక్కే కుక్క, కొట్టం వెనక పడి ఉంది. పిలిస్తే వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ పాకింది. రోడ్డు మీద ట్రాక్టర్ తగిలిందట. బావ మిరపకాయలు ఎండబోసుకుంటూ తలెత్తకుండానే చెప్పాడు.

"నడుము ఇరిగింది. ఇగ దేనికి పనికిరాదు. రేపు ఎవలికన్న చెప్పి దూరం పడేపిస్త."

ఏళ్ళ తరబడి ఆయన చేను కాసిన కుక్క అది. నాకు ఒళ్ళు మండింది. గోనెసంచిలో చుట్టుకుని, కండక్టర్ సణుగుడు వింటూ, వరంగల్ తెచ్చేశాను.

పశువుల దవాఖానలో డాక్టరు గారు వెనక కాలి వేలు ఫోర్‌సెప్స్‌తో గట్టిగా నొక్కారు. మోతి తల తిప్పి మూలిగింది. "స్పైన్ ఇంజురీ. కానీ నొప్పి తెలుస్తోంది, ఛాన్సుంది" అన్నారు. ఇంజక్షన్లు రాశాక అసలు సంగతి చెప్పారు.

"బ్లాడర్ దానంతటది ఖాళీ కాదమ్మా. రోజుకు మూడుసార్లు పొట్ట చేత్తో ఒత్తి మూత్రం తీయాలి. చుక్కలు కారుతుంటే పోస్తోందనుకునేరు. అది పోయడం కాదు, నిండి పొంగడం. వదిలేస్తే కిడ్నీలు పోతాయి."

మొదట్లో నాకు చేతకాలేదు. ఎక్కడ నొక్కినా అది అరిచేది, నేను ఏడ్చేదాన్ని. మెల్లగా వేళ్ళు నేర్చుకున్నాయి. బడికి పోయేముందు, బడి నుంచి రాగానే, పడుకునేముందు ఒత్తేదాన్ని. నేను మిషన్ బడిలో టీచర్ని. ఈ సంగతి తెలిశాక మా చర్చిలో ప్రేమ విందుకు నన్ను ఉల్లిగడ్డలు కోయనివ్వలేదు. "నువ్వు కూసో టీచరమ్మా, నీ చెయ్యి వద్దు" అన్నారు. విందు పేరేమో ప్రేమ! సబ్బుతో కడిగిన చెయ్యి వాళ్ళకు పనికిరాలేదు.

తుంటి దగ్గర బెడ్ సోర్స్ పడ్డాయి, మానాయి, మళ్ళీ పడ్డాయి. ఒకసారి మూత్రంలో రక్తం వచ్చి జ్వరంతో ముడుచుకుపోయింది. ఇన్‌ఫెక్షన్ అని డాక్టరు గారు యాంటీబయాటిక్ మార్చారు. మా ఆయన కాజీపేటలో రైల్వే పని. ఇంటికి రాగానే, ఇంకా బతికే ఉందా అని అడిగేవాడు. బతికింది. వానాకాలం పోయేసరికి లేచి నిలబడింది. తాగినవాడిలా తూలుతూ వాకిలంతా తిరిగింది. ఆ రోజు నా అంత గొప్పది లేదనుకున్నాను. కానీ మూత్రం మాత్రం దాని అదుపులోకి రాలేదు. "అది ఇక రాకపోవచ్చు, జీవితాంతం ఒత్తాల్సిందే" అన్నారు డాక్టరు గారు.

సరిగ్గా అప్పుడు బావ దిగాడు. మార్కెట్‌కు మిర్చి తెచ్చి, మా ఇంటికొచ్చి, నడుస్తున్న మోతిని చూశాడు.

"మంచిగ నడుస్తాంది గదా. నా కుక్కను నేను తీస్కపోత."

పడేయిస్తానన్న నోటితోనే నా కుక్క అన్నాడు. ఇవ్వనన్నాను. "కుక్క కోసరం అక్కతోని తెంపుకుంటవా?" అని మా ఆయన నా మీదే ఎగిరాడు. ఇద్దరూ ఒకటయ్యాక నా మాట ఎవరు వింటారు? బావ ముందర కూర్చుని ఎలా ఒత్తాలో చూపించాను. చుక్కల సంగతి కూడా చెప్పాను. ఆయన కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని, గోడ వైపు చూస్తూ, "సరే సరే, అయితది తియ్యి" అని తలూపి, మోతిని తీసుకుపోయాడు.

నాకు మనసొప్పక ఆ తర్వాతి ఆదివారం ఆరాధన కాగానే వర్ధన్నపేట బస్సెక్కాను. మోతి పొట్ట కుండలా ఉబ్బి ఉంది. తాగిన నీళ్ళు కక్కుతోంది. ఒక్కసారైనా ఒత్తారా అని అక్కనడిగాను. అక్క బావ వైపు చూసింది.

"అది పోస్తనే ఉండె గదా. నేలంత తడే. ఇగ ఒత్తుడెందుకు?" అన్నాడు బావ.

దవాఖాన దాకా ప్రాణం నిలిచింది. డాక్టరు గారు ట్యూబ్ వేశారు, సెలైన్ ఎక్కించారు. "కిడ్నీలు పోయినయమ్మా. లేట్ చేశారు" అన్నారు. లేట్ చేసింది నేను కాదు. ఎవరు చేస్తేనేం, అది నా ఒళ్ళోనే పోయింది. కబురు పంపితే, దాని ఆయుష్షు అంతేనన్నాడట బావ. ఆ మాట నేను ఇప్పటికీ క్షమించలేదు. క్షమించమని పాస్టరు గారు చెప్పినా సరే.

ఇప్పుడు మా ఇంట్లో రెండు కుక్కలున్నాయి. ఒకటి గుడ్డిది. ఇంకోదానికి నడుము పడిపోయింది, ఒక రిక్షా ఆయన తెచ్చిచ్చాడు. దానికీ రోజూ ఒత్తాలి. మొన్న బావ మళ్ళీ వచ్చాడు. చేలో పందులు పడుతున్నాయట.

"నీ తాన మంచి కుక్క దొరుకుతె ఒకటియ్యరాదు?"

"ఇస్త బావా. ముందుగాల దీనికి ఒత్తు."

ఆయన దాన్ని ముట్టనైనా ముట్టకుండానే చేతులు పంచెకు తుడుచుకున్నాడు. అది మొగోడు చేసే పనా అన్నాడు. అయితే కుక్క లేదన్నాను. చాయ్ తాగకుండా వెళ్ళిపోయాడు. అక్క కూడా రావడం మానేసింది. మానేయనీ.

ఇది చదివేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. జబ్బు కుక్కనే కాదు, మంచాన పడ్డ మనిషినైనా ఎవరికైనా అప్పగించేటప్పుడు చెప్పి ఊరుకోకండి, చూపించి ఊరుకోకండి. వాళ్ళ చేత్తో, మీ కళ్ళ ముందర, ఒకసారి చేయించండి. చేయనంటే ఇవ్వకండి, వాళ్ళు ఎంత దగ్గరివాళ్ళయినా సరే.