బ్రాకెట్ లేని భిన్నం

1967. మెదక్ బస్‌స్టాండు దారిలో నాకు టైపు దుకాణం ఉండేది. బడుల ప్రశ్నపత్రాలు స్టెన్సిల్ మీద, అంటే మైనం పూసిన పల్చటి కాగితం మీద, రిబ్బన్ తీసేసి కొట్టేవాణ్ణి. అక్షరం పడ్డచోట మైనం తెగుతుంది. అందులోంచి సిరా దిగి ప్రతులు వస్తాయి. గణితమైతే పని మూడింతలు. వర్గమూలం గుర్తు మిషన్‌లో ఉండదు, స్టైలస్ అనే ఇనుప మొనతో చేత్తో గీయాలి. భిన్నానికి పైవరస, గీత, కిందివరస విడివిడిగా కొట్టాలి.

ఆ ఏడు ఎనిమిదో తరగతి వార్షిక పరీక్ష పత్రం ఒకే స్టెన్సిల్‌లో సర్దాలని లెక్కల సారు పట్టుబట్టారు. భిన్నాలన్నీ అడ్డగీత బదులు ఏటవాలు గీతతో ఒకే వరసలో కొట్టమన్నారు, కొట్టాను.

ఫలితాలు వచ్చాక ఎల్దుర్తి నుంచి ఒక వడ్రంగి తన కూతురు సువార్తమ్మను వెంటబెట్టుకొని, ఆమె ప్రశ్నపత్రం, జవాబుపత్రం పట్టుకొని వచ్చాడు. నాలుగు మార్కుల తేడాతో ఆ పిల్ల లెక్కల్లో తప్పింది.

"ఫెయిలైతే హాస్టల్ సీటు పోతది సార్. లెక్క మంచిగనే చేసిన అంటుంది. పేపరు కొట్టింది మీరేనట, జర చూడుండ్రి" అన్నాడు.

చూశాను. ప్రశ్నపత్రంలో x + 6 / 2 = 5 అని ఉంది. ఆరును మాత్రమే రెండుతో భాగించి, x విలువ 2 అని ఆమె రాసింది. అయిదు మార్కుల లెక్కకు సున్నా వేశారు. కొట్టడానికి నాకిచ్చిన ప్రతి చేతిప్రతినీ తేదీ వేసి దాచేవాణ్ణి. తీసి చూస్తే, సారు x + 6 మొత్తం కింద పొడుగ్గా గీత గీశారు. అలాగైతే జవాబు 4. బ్రాకెట్ పెట్టకుండా ఆ గీతను మింగేసింది నేను.

చేతిప్రతి పట్టుకొని ముగ్గురం బడికి వెళ్ళాం. సారు కాగితం వైపు చూడనైనా చూడలేదు.

"అందరు నాలుగే రాసిండ్రు. గీ పిల్లకే ఎందుకు తెల్వలేదు?"

ఆ లెక్క క్లాసులో చేయించినప్పుడు తాను జ్వరంతో దవాఖానలో ఉన్నానని సువార్తమ్మ మెల్లగా చెప్పింది. నాకు ఒళ్ళు మండింది.

"అందరు యాదికున్న లెక్క రాసిండ్రు సార్. మీ కాయిదం మీదున్న లెక్క చేసింది ఈ పిల్ల ఒక్కతే" అన్నాను. టైపులో తప్పు నాదని అక్కడే రాసి సంతకం పెట్టాను.

మార్కులు కలిపారు. పిల్ల తొమ్మిదికి పోయింది. సారు మాత్రం రెండేళ్ళు నా దుకాణం మెట్లెక్కలేదు. అందుకు నేను చింతించనూ లేదు.

అప్పటినుంచి, స్థలం చాలకపోతే ఇంకో స్టెన్సిల్ వాడాను; ఒకే వరసలో కొట్టక తప్పకపోతే బ్రాకెట్ పెట్టాను. ప్రతులు తీయకముందు ప్రతి లెక్కనూ నేనే చేసి చూశాను, చేతిప్రతి మూసిపెట్టి స్టెన్సిల్‌లో ఉన్నది ఉన్నట్టుగా. అది టైపిస్టు పని కాదన్నవాళ్ళున్నారు. పరీక్ష గదిలో పిల్ల పక్కన నిలబడి, దీన్ని ఇలా చదువుకోమ్మా అని చెప్పడానికి ఎవరూ ఉండరు.