చర్చావేదిక నిండా నా పెళ్లే

ఇంటర్నెట్టు మా పలాసకి టెలిఫోను తీగ పట్టుకుని పాక్కుంటూ వచ్చిన ఆ రోజుల్లో, లోకమంతా నా స్నేహితులేనని నమ్మిన వెర్రివాణ్ణి నేను. సాయంత్రమయ్యేసరికి నెట్ సెంటర్లో కూర్చుని, ఒక తెలుగు చర్చావేదికలో ముక్కూమొహం తెలియనివాళ్లతో వంకాయ కూర నుంచి వేదాంతం దాకా వాదించేవాణ్ణి. పెళ్లి కుదిరినప్పుడు వాళ్లలో ఒక్కరైనా రావాలని నా పట్టుదల. (ఇంట్లో అప్పటికే గొప్పలు కొట్టేశాను.) మా మావ మాత్రం పదిమందిలో, "మొకాలు సూడని నేస్తాలేట్రా? కంప్యూటర్లోంచి దిగొచ్చీత్తారేటి?" అని నవ్వేశాడు.

పలాస పక్కనే ఉద్దానంలో ఉన్న మా ఊరికి దారి, దిగాల్సిన చోటు, విందులో పనసకాయ కూర, అన్నీ రాసి 'పంపు' నొక్కాను. పేజీ కదలదే! సెంటరు యజమాని (అందరికీ నెట్టుబావ) తొంగిచూసి, "ఎల్లనేదు బావా, మల్లీ నొక్కు" అన్నాడు. నొక్కాను. అప్పుడే మా అమ్మ గుర్తొచ్చింది. మావైపు ముందుగా పిలిచినా, భోజనాలవేళకి మళ్లీ గుమ్మంలోకెళ్లి పిలవందే ఎవరూ కదలరు. "ఒక్కపాలి పిలిత్తే ఎవులొత్తార్రా?" అంటుంది. అందుకని మర్యాదకి మరికొన్నిసార్లు నొక్కాను.

పేజీ తెరుచుకునేసరికి వేదిక నిండా నా పెళ్లే. ఇంకెవరి మాటా కనబడదు. ఎక్కడో దూరాన ఉండి వేదిక బాగోగులు చూసే రిటైరైన లెక్కల మాస్టారు చీవాట్లు పెట్టారు. "నాయనా, ఒకసారి నొక్కి ఆగు. అనుమానమొస్తే మొదటి పేజీ తెరిచి, నీ మాట పడిందో లేదో చూసుకో." సిగ్గుతో చితికిపోయి క్షమించమని రాశాను. కంగారులో మళ్లీ మళ్లీ నొక్కేసరికి అదీ బారులు తీరింది. ఒక్క పిలుపు ఉంచి మిగతావన్నీ ఆయన చెరిపేశారు. ఇంకెవరొస్తారు? మావకి మొహమెలా చూపించాలన్నదే నా దిగులు.

పెళ్లినాడు జీడితోటల దారమ్మట గొడుగూ చేతిసంచీతో ఒక పెద్దాయన వచ్చారు. "నేనేనయ్యా, నీ పిలుపులు చెరిపినవాణ్ణి" అన్నారు. నేను పీటల మీంచి లేవబోయేలోగా మావే ఎదురెళ్లి, "అంత దూరంనుంచి ఒచ్చినారేటండి!" అన్నాడు.

ఆయన నవ్వారు. "మా తమ్ముడింట్లో పెళ్లికే నన్ను ఒక్కసారి, అదీ కార్డు మీద పిలిచారండీ. ఈ అబ్బాయి ఎన్నిసార్లు పిలిచాడో చెరిపిన నాకే తెలుసు. రాకుండా ఎలా ఉంటాను?"

మావ ఆయన సంచీ అందుకుని, కాళ్లకు నీళ్లివ్వమని కేకేశాడు. నాకు పెళ్లిపీటల మీదే కళ్లనీళ్లు తిరిగాయి.

ఇప్పుడు ఎవరికైనా రెండు ముక్కలు రాసినా, దిద్ది దిద్ది, ఏమనుకుంటారోనని చివరికి పంపకుండానే ఊరుకుంటున్నాను. మొహమాటమంటే ఏమిటో తెలియని ఆ పెళ్లికొడుకుని తలచుకుంటే నవ్వొస్తుంది. వాడిమీద కాస్త అసూయ కూడా.