షీటుకి అవతలి కొస

ఇది మామూలు కథ కాదు. తరతరాలు చెప్పుకోవాల్సిన గాథ. కొండగాలి, కటిక చీకటి, ఒక తెల్లకుక్క, ప్రాణం మీదికొచ్చిన ఒక మనిషి... అన్నీ ఉన్నాయి ఇందులో.

సరే, అంత లేదు. ఒక ముసలాయన్ని ఎడమ పక్క నుంచి కుడి పక్కకి తిప్పిన కథ. అంతే. కానీ జరిగింది. నా నర్సింగ్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మీద ఒట్టు. అమ్మ మీద వేయొచ్చుగా అంటారేమో. అమ్మకి తెలిస్తే కొడుతుంది. సర్టిఫికెట్ కొట్టదు.

అప్పుడు నేను గవర్నమెంటు స్టాఫ్ నర్సు పరీక్షకి చదువుతున్నాను. పగలు చదువు, రాత్రి డ్యూటీ. ఆస్పత్రిలో కాదు, తమిళనాడులో మా ఊరు రాజపాళయంలోనే ఒక ఇంట్లో. మిల్లులో ఫిట్టర్‌గా చేసి రిటైరైన తాత ఒకాయన. పక్షవాతం. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పనిచెయ్యవు. మిల్లులో యంత్రాలు ఎత్తిన ఒళ్ళు మాత్రం అలాగే ఉంది, బరువు ఒక్క వీసం తగ్గలేదు. మాటలన్నీ పోయి ఒకటే మిగిలింది. "సరి." ఆకలా తాతా అంటే సరి. నొప్పా అంటే సరి. నేను తోకలేని కోతినా అంటే దానికీ సరి. ఇంత ఒప్పుకునే పేషెంటు దొరకడం అదృష్టమే. చిక్కల్లా ఒకటి... ఎక్కడ బాధో ఆయన చెప్పడు. మనమే వెతుక్కోవాలి.

ఆయన కూతురు మంగక్క. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. రాత్రి నేను డ్యూటీలో ఉంటే అక్క తాత గది గడప దాటదు. ఎవరూ పెట్టిన రూలు కాదు. వయసు కుర్రాడు రాత్రి ఇంట్లో ఉంటే మా వీధుల్లో అది అలాగే నడుస్తుంది. కాఫీ తెచ్చి బయట స్టూలు మీద పెట్టి, స్పూనుతో గ్లాసు మీద కొడుతుంది. టింగ్. నేను వెళ్ళి తీసుకుంటాను.

ఇంకొకరు తెల్లమ్మ. కుక్క. మా ఊరి జాతి, పాలరంగు ఒళ్ళు, గులాబి రంగు ముక్కు. నేను ఎన్ని బిస్కెట్లు పెట్టినా నన్ను చూస్తే గుర్రుమంటుంది. బిస్కెట్ తింటూనే గుర్రుమంటుంది. దాని తోక ఇంటి మనుషులకి మాత్రమే ఊగుతుంది. గడపలో పడుకుని ఊపితే తలుపు చెక్కకి తగిలి... టప్... టప్... అని చప్పుడు. ఈ చప్పుడు గుర్తుంచుకోండి.

ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి మంగక్క హాల్లో నిలబడి ఉంది. మొహంలో రక్తం లేదు.

"తంబి, నాయన నడుము కింద చూడు. ఎర్రగా ఉండాది."

చూశాను. వెన్నెముక చివర, ఎముక తగిలేచోట, అరచేతిలో సగం మేర ఎరుపు. వేలితో నొక్కి తీశాను. మామూలు ఎరుపైతే నొక్కినచోట తెల్లబడి మళ్ళీ రంగు రావాలి. తెల్లబడలేదు. గైడు పుస్తకంలో మొదటి పాఠమే అది. పడుకున్నచోటే ఒత్తుకుని వచ్చే పడకపుండుకి మొదటి మెట్టు. చర్మం ఇంకా చిట్లలేదు. చిట్లితే... తాతకి షుగరు.

"డాక్టరు ఏమన్నారక్కా?"

"ఫోన్లో చెప్పినాను. తెల్లారి వస్తామన్నారు. తోలు ఊడితే మదురైకి తీసుకొని పోవాల అన్నారు." గడప దగ్గరే నిలబడి అంది. "అమ్మకూ ఇట్లనే తంబి. ఇంతే ఎరుపు. వేడి అనుకొని చందనం పూసినాము. మంచం మీదనించి కదిలించితే నొప్పి అని కదిలించకుండానే పెట్టినాము. అప్పురం అది ఎముక దాకా పోయినది. మదురై ఆస్పత్రికి తీసుకొని పోయినాము, మళ్ళ తిరిగి రాలేదు అమ్మ."

నేను ఇంకోసారి ఆ ఎరుపు మీద వేలు నొక్కి చూశాను.

"తిప్పాలని ఎవరూ చెప్పలేదు మాకు" అంది.

"ఈ రాత్రి తిప్పుతాను. మీరు పండుకోండి."

"నువ్వు ఒక్కడివే ఎట్ల? నాయన బరువు నీకు మూడింతలు."

"టెక్నిక్ ఉండాది అక్కా."

టెక్నిక్ ఏంటంటే, పేషెంటు కింద అడ్డంగా ఇంకో దుప్పటి పరుస్తాం. భుజాల నుంచి తొడల దాకా. దాన్ని పట్టుకుని లాగితే మనిషి మొత్తం ఒక దుంగలా తిరుగుతాడు, చర్మం రాసుకోదు. మంచానికి చెరో పక్క ఒక్కొక్కరు నిలబడి, ఒకటి-రెండు-మూడు లెక్కపెట్టి, ఒకరు లాగాలి, ఒకరు అందుకోవాలి. అలా ఇద్దరుంటే. ఒక్కడే ఉంటే నడుము పట్టేస్తుంది. అదే టెక్నిక్.

పదింటికి కుడి పక్కకి తిప్పాను. దాదాపు కుస్తీ. వీపు వెనక ఒక దిండు, మోకాళ్ళ మధ్య ఇంకొకటి. ఉన్నవి రెండే. గాలి పరుపు పంపు గుర్ర్... గుర్ర్... అంటోంది. ఆ పరుపులో ఒక్కో గది నిండుతూ ఖాళీ అవుతూ ఉంటుంది కాబట్టి ఒకేచోట బరువు పడదు.

తర్వాత గాలి మొదలైంది. ఆడి నెల, అంటే ఆషాఢం, గాలి మా కొండల మీద నుంచి దిగిందంటే ఊళ్ళో రేకులన్నీ మాట్లాడతాయి. కరెంటు పోయింది. పంపు ఆగింది. ఆ గుర్రు ఆగాక ఇక వినిపించేది బయటి రేకులే. పరుపు మెల్లగా కుంగుతోంది. అంటే ఇక తిప్పడం ఒక్కటే దిక్కు.

నేను గడపలో కూర్చున్నాను. ఎమర్జెన్సీ లైటు, గైడు పుస్తకం. పక్కన తెల్లమ్మ, నన్ను చూసి ఒక గుర్రు. గదికి ఇంకో తలుపు పెరటి వైపు ఉంది, లోపలి గడియ వేసి ఉంది. లోపలికి పోవాలంటే నన్నూ కుక్కనీ దాటాలి. నేను నిద్రపోలేదు. ఒక్క కునుకు... లేదు. పోలేదనే అనుకుంటున్నాను.

పన్నెండింటికి అలారం. లేచాను. ఫోను టార్చి వేశాను.

తాత ఎడమ పక్కకి తిరిగి ఉన్నాడు.

నేను పెట్టింది కుడి పక్కకి. నేను కుడి ఎడమలు తప్పే మనిషినే, కానీ కుడి పక్కకి తిరిగితే ఆయన గోడను చూస్తాడు. ఇప్పుడు నన్ను చూస్తున్నాడు. కళ్ళు తెరిచి.

"ఎవరు తిప్పినారు తాతా?"

"సరి."

టార్చి దగ్గరికి తెచ్చాను. వీపు వెనక దిండు. మోకాళ్ళ మధ్య దిండు. పై చేతి కింద... మూడోది. కింద పడిన ఎడమ భుజాన్ని నలిగిపోకుండా మెత్తగా ముందుకి లాగి పెట్టారు. మోడల్ టెస్టుల్లో నేను ప్రతిసారీ తప్పు రాసేది ఆ భుజం దగ్గరే. ముడుచుకుపోయే ఆ చేతి గుప్పిట్లో ఒక బ్యాండేజ్ చుట్ట. వేళ్ళు ముడుచుకోకుండా అలా పెడతారు. నేను పెట్టలేదు.

మూలన బీరువా తలుపు ఓరగా ఉంది. ఆ బీరువాలో అన్నీ బ్యాండేజ్ చుట్టలే. అక్క వాళ్ళమ్మ పుట్టిల్లు సత్రపట్టి, అక్కడ మగ్గాల మీద నేసేది అదే బట్ట. ఆమె కూర్చున్నచోటల్లా చుట్టలు చుట్టేదట.

మంగక్కే వచ్చి ఉంటుంది అనుకున్నాను. కానీ ఎలా? నన్ను దాటి? హాల్లోకి తొంగిచూశాను. అక్క గది తలుపు వేసే ఉంది. తట్టి అడగొచ్చు. ఏమని? "అక్కా, నేను తిప్పుతానన్న మీ నాయనని ఎవరు తిప్పారు?" ఏ నర్సూ ఈ ప్రశ్న అడిగి ఉద్యోగం నిలబెట్టుకోలేదు. ఊరుకున్నాను.

ఇక గడపలో కూర్చోలేదు. లోపలే, మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. కళ్ళు మూతపడకుండా తాతకే ప్రశ్నలు వేశాను.

"తాతా, పెద్దోళ్ళకి ఊపిరి నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై. కరెక్టా?"

"సరి."

"భోంచేసేటప్పుడు పేషెంటును పండబెట్టే తినిపించవచ్చా?"

"సరి."

"తప్పు తాతా. కూర్చోబెట్టాల. మీరు ఫెయిలు."

రెండు కావస్తోంది. గాలి తగ్గింది. ఎమర్జెన్సీ లైటు పసుపు రంగుకి దిగింది. అప్పుడు...

టప్.

తెల్లమ్మ లేవలేదు. గుర్రుమనలేదు. తల ఎత్తి చూస్తోంది. నన్ను కాదు. మంచానికి అవతలి పక్క, గోడకీ మంచానికీ మధ్య ఒక మనిషి పట్టేంత సందు.

టప్... టప్...

అక్కడ ఎవరూ లేరు. గోడ ఉంది. నిజం చెప్పాలంటే గోడకి సున్నం కూడా సరిగ్గా లేదు.

వాసన వచ్చింది. కొత్త బ్యాండేజ్ బట్ట వాసన... గంజి ఆరని వాసన. బీరువా తెరిచి ఉంది కదా, అందుకే అనుకున్నాను. ఒక్క క్షణం చాలా బాగుంది ఆ సమాధానం.

తర్వాత మంచం ఇనుము కిర్రుమంది. మెల్లగా. ఒకరు వంగి మంచం అంచుకి మోకాలు ఆనిస్తే వచ్చే చప్పుడు.

తాత కింద పరిచిన దుప్పటి... అవతలి అంచు... లేచింది.

ఎగరలేదు. గాలికి కొట్టుకోలేదు. రెండుచోట్ల. భుజం దగ్గర ఒకచోట, తొడ దగ్గర ఒకచోట. రెండు పిడికిళ్ళతో పట్టుకుంటే ఎక్కడెక్కడ ముడతలు పడతాయో సరిగ్గా అక్కడ ముడతలు పడి... బిగిసింది. బిగిసి... ఆగింది.

లాగలేదు. ఎదురుచూస్తోంది.

ఇక్కడ నేను పారిపోయి ఉండాలి. అరిచి ఉండాలి, కనీసం మూర్ఛ అయినా పోయి ఉండాలి. ఇన్నేళ్ళు ఇలాంటి కథలు విని నేర్చుకుంది అదే కదా. కానీ నాలుగేళ్ళు నర్సింగ్ చదివిన ఒళ్ళు నాది. అవతల ఒకరు షీటు పట్టుకుని నిలబడితే, ఇవతల మనం పట్టుకుంటాం. ఆలోచించం. వార్డులో వందసార్లు చేసిన పని.

ఇవతలి అంచు పట్టుకున్నాను. నోరు దానంతటదే...

"ఒకటి... రెండు... మూడు."

తాత తిరిగాడు.

పదింటికి నా నడుము విరిచిన ఆ బరువు... దూదిలా తిరిగింది. ఎంత మెత్తగా అంటే, నేను లాగానో అవతల లాగారో నాకు తెలియదు. దుప్పటి వదులైంది. ముడతలు రెండూ కాసేపు అలాగే ఉండి... సర్దుకున్నాయి. టప్ ఆగిపోయింది. తెల్లమ్మ తల దించి, నన్ను చూసి, గుర్రుమంది.

గోడవైపు తిరిగిన తాత, ఎవరూ ఏమీ అడగకుండానే అన్నాడు.

"సరి."

దిండ్లు నేను పెట్టాను. భుజం కూడా చూసుకుని పెట్టాను. తర్వాత స్టూలు మీద కూర్చుని తెల్లారేదాకా గైడు పుస్తకంలో ఒకే పేజీ చదివాను. నాలుగింటికి మాత్రం నేనొక్కడినే తిప్పాను. మళ్ళీ కుస్తీ. అవతల ఎవరూ రాలేదు. కొంచెం బాధ కూడా వేసింది, ఒట్టు.

తెల్లారింది. కరెంటు వచ్చింది. పంపు గుర్రుమంది. బయట టింగ్. ఎండ వచ్చాక రూలు చెల్లదు కాబట్టి నేను లేవకముందే మంగక్క లోపలికి వచ్చేసింది.

"రాత్రి యారి కూడ మాట్లాడతా ఉండినావు తంబి? ఒకటి రెండు అని."

"పాఠం చదివినాను అక్కా." అడిగేశాను. "పన్నెండుకి మీరు లోపలికి వచ్చినారా?"

"నేనెందుకు వస్తాను, నువ్వు ఉండేటప్పుడు?" అంటూనే తాత గుప్పిట్లో చుట్ట చూసింది. తీసింది. అటూ ఇటూ తిప్పింది. దారం కట్టలేదు దానికి, కొసని లోపలికి మడిచి దోపారు.

"ఇది నువ్వు చుట్టినావా?"

"బీరువాలో పాతది ఉండినదేమో అక్కా."

"పాతవన్నీ పసుపెక్కినాయి. ఇది తెల్లగా ఉండాది." దోపిన కొసని వేలితో తడిమింది. "అమ్మ ఇట్లనే దోపుతుంది." మళ్ళీ తనే అంది, నాకంటే ముందుగా తనకే చెప్పుకుంటున్నట్టు. "సత్రపట్టిలో అందరూ ఇట్లనే దోపుతారులే." చుట్టని మళ్ళీ తాత గుప్పిట్లోనే పెట్టింది. వేళ్ళు ఒక్కొక్కటి మూసింది.

డాక్టరు వచ్చాడు. తాతని పక్కకి వంచి, ఎరుపు మీద వేలితో నొక్కాడు. తీశాడు. మంగక్క వంగి చూసింది. నేనూ.

తెల్లబడింది. తర్వాత మెల్లగా రంగు వచ్చింది. చర్మం ఎక్కడా చిట్లలేదు.

"మదురై వద్దు. బాగా చూసినారు. నైట్ ఎవరు?"

"మేము చూసినాము సార్" అన్నాను.

"మేము అంటే? ఇంకొకరు ఎవరు?"

మంగక్క నన్ను చూసింది. నేను తెల్లమ్మని చూశాను. తెల్లమ్మ డాక్టర్ని చూసి గుర్రుమంది.

"సరి" అన్నాడు తాత.

మంగక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్విందో ఏడ్చిందో నాకిప్పటికీ తెలియదు.

ఇప్పుడు మీరు చెప్పే సమాధానాలన్నీ నేను ముందే చెప్పుకున్నాను. కునుకు పట్టి కల వచ్చి ఉండొచ్చు. గాలి పోయే పరుపు కుంగుతూ దుప్పటిని గుంజి ఉండొచ్చు. తాతకి కుడి చెయ్యి బాగానే ఉంది, తనే తిరిగి ఉండొచ్చు. అక్క నిద్రలో నడిచి వచ్చి ఉండొచ్చు. ఒక్కోటి ఒక్కోదానికి సరిపోతుంది. అన్నీ కలిపి దేనికీ సరిపోవు. కుక్క తోకకి అయితే ఏదీ సరిపోదు. ఆ ఇంట్లో ఇంకా కొన్నాళ్ళు చేశాను. ప్రతి రాత్రీ గోడకీ మంచానికీ మధ్య సందు వదిలే పెట్టాను. మళ్ళీ ఏమీ జరగలేదు.

తర్వాత పరీక్ష రాశాను. అందులో ఈ ప్రశ్న వచ్చింది. కదలలేని బరువైన పేషెంటును షీటు సాయంతో తిప్పడానికి కనీసం ఎంతమంది కావాలి?

ఇద్దరు. ఒక మార్కు.