మెటల్ రికార్డులకి నేను ఎండ చూపించిన వైనం

ఈమధ్య మా ముక్తేశ్వరంలో వీధిలోకి వెళ్తే చాలు, ఎదురొచ్చిన ప్రతివాళ్ళూ నన్ను ఒకటే అడుగుతున్నారు. "ఏమండీ, ఇవాళ ఏం ఎండబెట్టేరు?" అని. ఎండు కొబ్బరి వ్యాపారం చేసేవాణ్ణి ఆ మాట అడగడంలో తప్పేమీ లేదు. కాకపోతే అడిగేటప్పుడు మొహం అటు తిప్పుకుని అడుగుతున్నారు. ఎందుకో చెప్తాను, టీ తాగుతూ వినండి. మధ్యలో నవ్వొస్తే గ్లాసు కింద పెట్టుకోండి.

మా అన్నయ్య కూతురు శ్రావణి. పగలు కంప్యూటరు ముందు కూర్చుని ఎవరిదో పెద్ద కంపెనీకి పని చేస్తుంది. మిగతా టైములో సొంతంగా పాటల కంపెనీ నడుపుతుంది. రికార్డు లేబుల్ అనాలట. పేరు ముళ్లకంప రికార్డ్స్. ఆఫీసు ఎక్కడంటే, మా కొబ్బరి గోడౌను మేడ మీద గది. మొదట్లో అమలాపురంలో వాళ్ళింట్లోనే పెట్టుకుంది. ఒకరోజు పాట పెడితే పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చి, "అమ్మాయికి ఒంట్లో ఎలా ఉందండీ?" అని అడిగిందట. ఆ మర్నాడే సామాను నా దగ్గరికి వచ్చేసింది. మా గోడౌనులో కింద ఉండేవి కొబ్బరికాయలు. ఏ పాట పెట్టినా వాటికి అభ్యంతరం లేదు.

ఇక ఆ పాటల సంగతి. పంక్, మెటల్ అంటారు. సినిమాల్లో రావు, పెళ్ళిళ్ళలో వెయ్యరు. ఏ ఊళ్ళోనో నలుగురు కుర్రాళ్ళు ఒక రేకుల షెడ్డులో చేరి, చెవులు చిల్లులు పడేలా వాయించుకుంటారు. వాళ్ళని పెద్ద కంపెనీలు గుమ్మం కూడా ఎక్కనివ్వవు. అప్పుడు మా శ్రావణిలాంటి వాళ్ళు ఆ పాటలు రికార్డు చేయించి, వాటి కోసం ప్రాణం పెట్టేవాళ్ళు ఎక్కడున్నా వెతికి మరీ పంపిస్తారు. దీన్ని అండర్‌గ్రౌండ్ సంగీతం అంటారని చెప్పింది.

"మరి మేడ మీద పెట్టేవేంటమ్మా?" అన్నాను.

"బాబాయ్‌గారూ, ఈ జోకు నిన్న కూడా వేసేరండి" అంది.

నేను ఆ సంగీతం మొదటిసారి విన్నప్పుడు కింద కాటా దగ్గర ఉన్నాను. లారీకి బ్రేకులు ఫెయిలై మన మీదకే వస్తోందనుకుని వీధిలోకి పరిగెత్తేను. అక్కడ లారీ లేదు. మేడ మీద కిటికీలోంచి మా అమ్మాయి తల ఊపుతూ కనిపించింది.

అలాంటి కంపెనీ నుంచి మొట్టమొదటి పెద్ద రికార్డు వస్తోంది. పాతకాలంలో గ్రామఫోను మీద పెట్టేవాళ్ళే, ఆ నల్ల ప్లేటు. ఇప్పుడు ఈ సంగీతం వినేవాళ్ళు మళ్ళీ అవే కావాలంటున్నారట. వైజాగ్ కుర్రాళ్ళ బ్యాండు, పేరు బొగ్గుకుంపటి. వేరేవాళ్ళు ఎవరో అడిగినా కాదని, మా శ్రావణి మాట నమ్మి పాటలు ఈ పిల్ల చేతిలో పెట్టేరు. ప్లేట్లు ఎక్కడో విదేశంలో అచ్చువేయించింది. నెలల తరబడి ఎదురుచూసింది. అవి వచ్చిన మర్నాడు బ్యాండువాళ్ళు రైలు దిగి, వాళ్ళ రికార్డు వాళ్ళు మొదటిసారి చేత్తో పట్టుకుని చూసుకోవాలి. అదీ ఏర్పాటు. అది సవ్యంగా జరిగితే వాళ్ళ తర్వాత రికార్డు కూడా ముళ్లకంపదే. జరక్కపోతే పేరుకి తగ్గట్టు కంపే మిగులుతుంది.

పార్సిలు సాయంత్రం వానలో వచ్చింది, పైన పట్టా కూడా లేని బండిలో. అట్టపెట్టెలు నాని మెత్తబడ్డాయి. పొద్దున్నే శ్రావణి రాజమండ్రి స్టేషనుకి బయల్దేరబోతూ ఒక పెట్టె విప్పి చూసింది. కవర్లు చెమ్మగా ఉన్నాయి. పాపం, పిల్ల మొహం పాలిపోయింది.

"బాబాయ్‌గారూ, నేను వచ్చేదాకా ఫ్యాను కింద పెట్టి ఉంచండి. కాస్త గాలి తగిలితే చాలు. ఇంకేం చెయ్యకండి, ప్లీజ్" అంది.

"ఆయ్. తేమ సంగతి నాకు వదిలెయ్యమ్మా" అన్నాను.

ఇంకేం చెయ్యకండి అన్న మాట నాకు స్పష్టంగానే వినపడింది. కానీ చూడండి, నా జీవితమంతా తేమతో యుద్ధం. కొబ్బరి చెక్కలో తేమ మిగిలిందా, బూజు పట్టిందే. బస్తా మొత్తం పోయిందే. చెక్క విరిచినప్పుడు వచ్చే చప్పుడుని బట్టి ఎంత ఎండిందో చెప్తాను. అలాంటివాడికి ఫ్యాను కింద పెట్టమని చెప్పడం నాకు కొంచెం చిన్నతనంగా తోచింది. పైగా రాత్రి కురిసిన వానకి ఆకాశం కడిగినట్టయి, మంచి ఎండ కాస్తోంది. మా గోడౌను వెనక కొబ్బరి ఆరబెట్టే గచ్చు ఖాళీగా ఉంది.

ఒక్కొక్కటీ కవర్లోంచి తీసేను. నిజం చెప్తున్నాను, మొదటి ప్లేటు చేతిలోకి తీసుకుని కాసేపు అలా నిలబడిపోయేను. అంత నలుపు నేనెప్పుడూ చూడలేదు. వెలుతురుకి తిప్పితే లోపల సన్నసన్నటి గీతలు, నూతిలో నీళ్ళ మీద రింగులు తిరిగినట్టు. నన్ను వీధిలోకి పరిగెత్తించిన గోలంతా ఆ గీతల్లో దాక్కుని ఉందంటే నమ్మబుద్ధి కాలేదు. చెవి దగ్గర పెట్టుకుని చూసేను. కిక్కురుమనలేదు.

గచ్చు మీద పట్టా పరిచి, వరసగా పేర్చుకుంటూ వెళ్ళేను. ఒకదానికొకటి తగలకుండా, ఎంతో శ్రద్ధగా.

మా ఆవిడ సీత బట్టలు ఆరెయ్యడానికి వచ్చి ఆగిపోయింది. "ఏవండీ, అవి ఎండలో పెట్టొచ్చా?"

"తడిసినదాన్ని ఎండలో పెట్టక ఫ్రిజ్‌లో పెడతామా?"

"అమ్మాయికి ఒక్కసారి ఫోన్ చేసి కనుక్కోండి."

"స్టేషనులో హడావిడిలో ఉన్న పిల్లని ఇంత చిన్నదానికి విసిగిస్తామా సీతా?"

"చిన్నదో పెద్దదో తనే చెప్తుందిగా" అంటూ వెళ్ళిపోయింది. ఈ ఇంట్లో సరైన మాటలన్నీ వెళ్ళిపోతూ అంటారు.

కాసేపటికి ఒక పక్క ఆరినట్టనిపించి, అన్నీ తిరగేసేను. అప్పుడే అంచులు కొంచెం లేవడం గమనించేను. నాకు సంతోషం వేసింది. ఎందుకంటే కొబ్బరి చెక్క కూడా ఎండుతుంటే అలాగే ముడుచుకుంటుంది. తేమ పోతోందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కాకపోతే మరీ లేస్తున్నాయి, బరువు పెడితే మంచిదనిపించింది. గోడౌనులోంచి కురిడీలు తెచ్చేను. కురిడీ అంటే లోపల నీళ్ళు ఇంకిపోయి గుండుగా ఎండిన కొబ్బరికాయ. ప్లేటు మధ్యలో చిల్లుంది కదా, కాయ అడుగున ఉన్న మొన సరిగ్గా అందులో కుదురుకుంది. ఆ చిల్లు ఇందుకే పెట్టేరేమోననుకున్నాను.

పక్కింటి వీరభద్రమ్మగారు గోడ మీంచి తొంగిచూసేరు. పెద్దావిడ, మా అమ్మ ఈడు.

"ఏం నాయనా, అప్పడాలా? అంత నల్లగా ఉన్నాయి, నువ్వులు ఎక్కువ పడ్డాయా?"

"అప్పడాలు కాదండీ, పాటలు."

"ఆయ్" అన్నారావిడ. ఇంకేం అడగలేదు. అయితే గోడ దగ్గర్నుంచి కదల్లేదు కూడా.

మధ్యాహ్నం కారు వచ్చింది. శ్రావణి దిగింది, వెనకాల బ్యాండువాళ్ళు దిగేరు. గొంతు ఎత్తి పాడేవాడు అవినాష్. అతని గొంతు నేను విన్నాను కాబట్టి, కనీసం ఏడడుగుల మనిషి దిగుతాడనుకున్నాను. సన్నగా, కళ్ళద్దాలు పెట్టుకుని, బ్యాంకులో కౌంటరు దగ్గర కూర్చునేవాడిలా ఉన్నాడు. చెప్పులు గుమ్మం బయటే వరసగా విప్పి, "నమస్కారమండీ" అన్నాడు, నాకు సగమే వినపడేంత మెత్తగా.

"రండి రండి, మీ పాటలు బాగా ఎండుతున్నాయి" అన్నాను.

శ్రావణి నా వంక చూసింది. తర్వాత గచ్చు వైపు చూసింది.

మీకు ఎలా చెప్పాలి. ఒక్కొక్క ప్లేటూ ఒక్కో రకంగా తిరిగి ఉంది. కొన్ని ఆకుదొన్నెల్లా, కొన్ని అరటాకు అంచుల్లా. కురిడీలు పెట్టినవైతే నడుం దిగబడి, కాయని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నట్టు ఉన్నాయి.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గచ్చు అంచున కూర్చుని, ఒక ప్లేటు ఒళ్ళో పెట్టుకుని, "ఇవి ప్లాస్టిక్కండి బాబాయ్‌గారూ. వేడికి కరుగుతాయి" అంది. అంతే. అండీ, గారూ ఒక్కటీ తగ్గించలేదు. మా కోనసీమలో మర్యాద తగ్గకుండా కోపం వచ్చిందంటే, అది ఇక దిగదన్నమాట. ఆ పిల్ల మాట నమ్మి అంతదూరం వచ్చిన కుర్రాళ్ళు అక్కడే నిలబడి ఉన్నారు. వాళ్ళ రికార్డు వాళ్ళు మొదటిసారి చూసుకోవడం, నా కొబ్బరి గచ్చు మీద, ఆ ఆకారంలో.

అవినాష్ వచ్చి ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూసేడు. "పర్లేదండి అంకుల్" అన్నాడు. ఆ పర్లేదు ఇప్పటికీ నాకు నిద్రలో వినిపిస్తుంది.

తర్వాత శ్రావణి లేచి ఫోనులో వెతికింది. ఒంకరపోయిన ప్లేట్లని సరిచేసే ఉపాయం ఒకటుందట. రెండు గాజు పలకల మధ్య పెట్టి, మళ్ళీ కొంచెంగా వేడి తగలనిచ్చి, మెత్తబడ్డాక నీడలోకి తెచ్చి బరువు కింద చల్లారనివ్వాలట. ఎండే పాడుచేసింది, ఎండే బాగుచెయ్యాలి. కానీ అన్ని గాజు పలకలు ఎక్కడివి?

ఆ మాట విని నేను లేచేను. లోపలికి వెళ్ళి మా నాన్న ఫొటో దించేను, అద్దం ఊడదీసేను. తర్వాత తాతయ్యది. తర్వాత మా పెళ్ళి ఫొటో. మా పెళ్ళి ఫొటో అద్దం తీస్తుంటే సీత, "జాగ్రత్త, అదొక్కటే సరిగ్గా వచ్చిన ఫొటో" అంది. అది ఫొటో గురించో, నా గురించో నేను అడగలేదు. టేబులు మీద అద్దం, షోకేసు తలుపులు, గోడౌను కిటికీలో ఊడగలిగినవి. అయినా చాల్లేదు.

గోడ మీంచి అంతా చూస్తున్న వీరభద్రమ్మగారు లోపలికి వెళ్ళి, స్కూలు మాస్టారుగా చేసి పోయిన వాళ్ళాయన ఫొటో అద్దం తీసి తెచ్చేరు. ఫొటోకి వేసిన దండ ఇంకా ఆవిడ భుజానికే వేలాడుతోంది.

"అయ్యో, మాస్టారి ఫొటో అండీ" అన్నాను.

"ఉండనీ నాయనా. బతికున్నన్నాళ్ళూ ఇంట్లో గ్లాసు చప్పుడైనా పడేది కాదు ఆయనకి. ఇప్పుడు వినపడదుగా" అన్నారు.

ఆవిడ తేవడం చూసి ఆ పక్కింటివాళ్ళు, వాళ్ళని చూసి ఎదురింటివాళ్ళు. కాసేపట్లో వీధి వీధంతా గోడల మీంచి పెద్దల్ని దించేసింది. బ్యాండు కుర్రాళ్ళు, మేమూ, ఇరుగుపొరుగూ గచ్చు మీద వంగి, అద్దాల మధ్య ప్లేట్లు సర్ది, చెయ్యి పెట్టి వేడి చూసుకుంటూ, మెత్తబడగానే నీడలోకి మోసుకొచ్చి పైన కొబ్బరి బస్తాలు పెట్టేం. నన్ను మాత్రం ప్లేట్లు ముట్టుకోనివ్వలేదు. బస్తాలు మొయ్యమన్నారు. మోసేను.

పొద్దు వాలుతుండగా శ్రావణి ఒకదాన్ని తీసి, మేడ మీంచి గోడౌనులోకి దించిన రికార్డు ప్లేయరు మీద వేసింది. వీధిలోవాళ్ళంతా బస్తాల మీద కూర్చున్నారు. సూది ప్లేటు మీద పడవలా ఒకసారి పైకి లేచింది, కిందికి దిగింది, జారిపోలేదు.

పాట మొదలైంది.

ఇన్నాళ్ళూ ఆ చప్పుడు మేడ మీంచి దిగి వస్తుంటే గోల అనుకున్నాను. ఆ రోజు ఎదురుగా కూర్చుని విన్నాను. మొదట గిటారు వచ్చి గుండెల మీద అరచెయ్యి పెట్టినట్టు నొక్కింది. తర్వాత డ్రమ్ము. మేం కూర్చున్న బస్తాల్లో కొబ్బరికాయలు కదలడం నాకు తెలుస్తోంది. తర్వాత ఆ గొంతు లేచింది. మనిషి ఎన్నో ఏళ్ళు మింగేసుకున్న కోపమంతా ఒక్కసారి నోట్లోంచి బయటపడితే ఎలా ఉంటుందో, అలా ఉంది. ఆ గొంతు ఎవరిదా అని పక్కకి చూస్తే, అవినాష్ సీత ఇచ్చిన జంతికలు చప్పుడు కాకుండా కొరుకుతున్నాడు. ఆ రెంటినీ ఒకే మనిషిలో పెట్టినవాడెవరో గానీ, వాడికి దణ్ణం పెట్టాలనిపించింది.

పాట అయిపోయేక వీరభద్రమ్మగారు కళ్ళు తుడుచుకుని, "ఎవరు నాయనా నిన్ను అంత బాధపెట్టింది?" అని అడిగేరు. అవినాష్ తల దించుకున్నాడు. "ఇన్నాళ్ళకి ఒక్కరు అడిగేరండి" అన్నాడు. శ్రావణి అప్పుడు ఏడిచింది. పొద్దుట్నుంచీ ఆపుకున్నది.

లెక్క తేలేసరికి చాలామటుకు చదునయ్యేయి. కొన్ని కాస్త ఊగుతూనే పాడతాయి. కురిడీలు కూర్చున్నవి మాత్రం ఏ అద్దానికీ లొంగలేదు. వాటి సంగతి నా దగ్గర ఎత్తడానికి ఎవరూ ఇష్టపడటం లేదు.

కుర్రాళ్ళు కారెక్కేముందు అవినాష్ శ్రావణితో అన్నాడు. "రెండో రికార్డు కూడా మీరే వెయ్యాలండి. మా కోసం గోడల మీంచి ఫొటోలు దించే లేబులు ఇంకెక్కడా దొరకదు." పిల్ల మొహం వెలిగిపోయింది. అతను నా వైపు తిరిగి, చేతులు కట్టుకుని, అదే మెత్తటి గొంతుతో, "ఒక్కటే విన్నపమండి అంకుల్. పార్సిలు వచ్చే రోజు మీరు ఊళ్ళో లేకపోతే బావుంటుందండి" అన్నాడు.

ఆ రెండో రికార్డు పార్సిలు ఇవాళ వస్తోంది. అందుకే రాజోలులో మా అత్తారింట్లో కూర్చుని మీకిదంతా చెప్తున్నాను. ఇక్కడ మా అత్తగారు పొద్దున్నే డాబా మీద వడియాలు పెట్టేరు. ఖాళీగానే ఉన్నాను కదా, కాకులు వాలకుండా కాపలా కూర్చోమంటారని చూసేను. విషయం నాకంటే ముందే ఇక్కడికి చేరినట్టుంది. కాపలాకి కుక్కని కట్టేసి, డాబా మెట్ల తలుపుకి తాళం వేసుకున్నారు.