గుడ్ లెంగ్త్ మీద ముగ్గు

నా పదవీ విరమణకు ముందటి డిసెంబరులో నన్ను కరీంనగర్ మైదానానికి పిచ్ క్యూరేటర్‌గా పంపారు. ఒక విదేశీ మహిళా క్రికెట్ జట్టు మన దేశ జట్టుతో వన్డే సిరీస్ ఆడటానికి వస్తోంది. అసలు సిరీస్‌కు ముందు వాళ్లకు ఒక సన్నాహక మ్యాచ్ కావాలి. మన వైపు నుంచి రెండో వరుస ఆటగాళ్లు ఆడే ఆ మ్యాచ్ మాకు దక్కింది. వచ్చింది ఏ దేశం వాళ్లో చెప్పను. చెబితే మా పచ్చిపులుసు గురించి వాళ్లు అన్న మాటలు కూడా రాయాలి.

పిచ్‌ను తయారుచేసి, ఆట మొదలయ్యేదాకా దాన్ని కాపాడటం క్యూరేటర్ పని. బ్యాటర్ సెంచరీ కొడితే గొప్ప బ్యాటర్‌ది, బౌలర్ అయిదు వికెట్లు తీస్తే గొప్ప బౌలర్‌ది. ఆట చెడితే మాత్రం తప్పు పిచ్‌ది. కాగజ్‌నగర్ నుంచి మొదలుపెట్టి అనేక మైదానాల్లో ఆ తిట్లు తిన్నవాణ్ని కాబట్టి నాకు కొంచెం కోపం ఎక్కువ. నా పిచ్ మీద ఎవరైనా చెప్పులతో నడిస్తే ఇప్పటికీ నా గొంతు దానంతట అదే లేస్తుంది.

ఆ మ్యాచ్‌లో మన జట్టులో జమ్మికుంట అమ్మాయి శ్రావణి ఉంది. ఎడమచేతి స్పిన్ బౌలర్. వాళ్ల బాపు మల్లేశం పత్తి మార్కెట్ యార్డులో హమాలీ. జాతీయ సెలెక్టర్లలో ఒకామె శ్రావణిని చూడటానికే వచ్చింది. మర్నాడు ఆమె మరో ఊరు వెళ్లిపోతుంది. ఆ రోజు ఆట జరగకపోతే శ్రావణి మళ్లీ ఎప్పుడు ఆమె కళ్ల ముందు బంతి వేస్తుందో ఎవరికీ తెలియదు. ఈ సంగతి మైదానంలో అందరికీ తెలుసు.

మ్యాచ్‌కు ముందు రోజు సాయంత్రం చివరిసారి రోలర్ తిప్పించి, మంచు పడకుండా పిచ్ మీద కవర్లు కప్పించాను. పొద్దున కవర్లు తీసి, గడ్డి తడి చూసి, క్రీజు గీతలు గీస్తే పని ముగిసినట్టే. తెల్లవారగానే హోటల్‌కు వెళ్లి మ్యాచ్ రిఫరీని తీసుకొచ్చాను. ఆట జరిపించవచ్చో లేదో తేల్చే అధికారి ఆమె. ఒకప్పుడు వికెట్ కీపర్‌గా ఆడింది. మాటలు తక్కువ.

మేం వచ్చేసరికి కవర్లు తీసేసి ఉన్నాయి. పిచ్ పొడవునా ఆకుపచ్చగా, తడిగా మెరుస్తోంది. పేడ వాసన. గుడ్ లెంగ్త్ అంటే బౌలర్లు బంతి పడాలని కోరుకునే చోటు. రెండు వైపులా సరిగ్గా అక్కడే ఎనిమిది రేకుల పద్మాలు, చుట్టూ చుక్కలు, తీగలు. ముగ్గు మాత్రం చాలా అందంగా ఉంది.

పక్కన బకెట్ పట్టుకుని రాజవ్వ నిలబడి ఉంది. ఆమె మైదానంలో కలుపు తీసే ఆడవాళ్లకు పెద్ద. ముఖం నిండా సంతోషం.

"రాజవ్వా, గిదేం పని?" అన్నాను.

"సుట్టాలొస్తుండ్రు, మంచిగ తయారు చెయ్యమని సెక్రటరీ సారే చెప్పిండు. సుట్టాలొస్తుంటే వాకిట్ల సాంపి జల్లమా సార్?"

"వాకిలి గేటు కాడుంటది గద."

"మీరు గీడ ఎవ్వల్నీ కాలు పెట్టనియ్యరు. గిదే దేవుని అర్ర లెక్క అనుకున్న."

నేను రిఫరీ వైపు తిరిగాను. సాంపి అంటే పేడ కలిపిన నీళ్లని, ఇంటికి పెద్దలు వస్తుంటే వాకిట్లో చల్లుతారని, దేవుని అర్ర అంటే పూజగది అని రిఫరీకి ఇంగ్లీషులో చెప్పాను. ఆమె వంగి పిచ్‌ను వేలితో నొక్కి చూసింది. తర్వాత నియమం చెప్పింది. టాస్ పడేదాకా పిచ్ బాధ్యత క్యూరేటర్‌ది, ఆ తర్వాతే అంపైర్లది. కాబట్టి ఇప్పుడు బాగుచేసే హక్కు నాకుంది. టాస్‌ను కొంత వెనక్కి జరుపుతానంది. అప్పటికి పిచ్ ఆరి, బంతి ఒకేలా లేస్తే ఆట ఉంటుంది. లేకపోతే మ్యాచ్ రద్దు చేసి రెండు జట్లనూ హైదరాబాద్ పంపేస్తానంది.

అంతలో రాజవ్వ చెప్పిన ఆ సెక్రటరీ, జిల్లా క్రికెట్ సంఘం కార్యదర్శి, పరుగెత్తుకొచ్చాడు. "ఫికర్ చెయ్యకుండ్రి సార్, ట్యాంకర్ పిలిపిస్త, కడిగి పారేద్దాం" అన్నాడు. ట్యాంకర్ గేటు దాటితే దాని ముందు పడుకుంటానని చెప్పాను. ఆయన జేబులో ఫోను పెట్టేసుకున్నాడు.

తడిగా ఉన్న పేడను ఊడిస్తే గడ్డి మొదళ్లలోకి మెత్తుకుంటుంది. కడిగితే అడుగున మట్టి నానుతుంది. ముందు తడి పీల్చాలి. అంటే గోనె సంచులు పరిచి, వాటి మీద తేలికపాటి రోలర్ తిప్పి, తడిసినవి తీసి పొడివి వేయాలి. ఆ పైన ఎండ తగిలి పేడ పెళుసెక్కాక గట్టి పొరకతో ఊడవాలి. మా గదిలో ఉన్న సంచులు సగం పిచ్‌కు కూడా రావు. సూర్యుడేమో మంచు వెనక నింపాదిగా ఉన్నాడు.

సరిగ్గా అప్పుడు శ్రావణి ఆట చూడటానికి మల్లేశం చుట్టపక్కాలందరినీ ట్రాలీ ఆటోలో ఎక్కించుకొని వచ్చాడు. కింద మెత్తగా ఉండాలని యార్డు నుంచి ఖాళీ సంచులు కట్టలుగా తెచ్చి పరుచుకున్నారు. విషయం తెలిసి అందరినీ కిందికి దింపాడు.

"సంచులకేం కొదువ సార్. మా బతుకే సంచులల్ల ఉన్నది" అన్నాడు.

ఆ తర్వాత మైదానం పెళ్లివారి వంటశాలలా మారింది. శ్రావణి మేనత్తలు సంచులు పరుస్తున్నారు, చిన్నాయనలు రోలర్ లాగుతున్నారు. ఎవరూ చెప్పులు వేసుకోకుండా నేను కాపలా కాస్తున్నాను. సంచులు పరిచే ముందు తన ముగ్గు పిండిని రాజవ్వే చేత్తో ఎత్తేసింది, ఎవరినీ ముట్టనివ్వలేదు. శ్రావణి బౌండరీ దగ్గర ఒళ్లు సాగదీస్తూ నా వైపే చూస్తోంది. చివరికి ఉండలేక దగ్గరికి వచ్చింది.

"ఆట అయితదా సార్?"

"జర ఎండ రానీ బిడ్డా" అన్నాను.

పర్యటన జట్టు కెప్టెన్ వచ్చి ఏం జరిగిందని అడిగింది. చెప్పాను. ఆమె కాసేపు నవ్వి, అలాంటి ముగ్గే ఒకటి తమ డ్రెస్సింగ్ రూమ్ గుమ్మం ముందు వేయమని రాజవ్వను అడగమంది. రాజవ్వ వెంటనే వేసింది. ఇక ఆ రోజంతా ఆ జట్టువాళ్లు స్పైకు బూట్లతో ముగ్గును దాటడానికి గుమ్మంలో గెంతులు వేస్తూనే ఉన్నారు.

ఎండ వచ్చింది. పేడ పొరలుగా లేచింది. ఊడ్చి, మరోసారి రోలర్ తిప్పి, క్రీజులు గీశాను. మట్టి గట్టిపడిందో లేదో అని రిఫరీ తాళంచెవి మొన గుచ్చి చూసింది. పిచ్ పొడవునా నడుస్తూ బంతిని భుజం ఎత్తు నుంచి వదిలి, అది లేచే తీరు గమనించింది. చివరికి తల ఊపింది. ఓవర్లు తగ్గించారు, టాస్ పడింది. మేనత్తలు నేరుగా వెళ్లి టిఫిన్ డబ్బాలు విప్పారు.

పర్యటన జట్టు ముందు బ్యాటింగ్ చేసింది. కెప్టెన్ కుదురుకుని ఆడుతోంది. శ్రావణి బంతులు బయటికి తిరుగుతుంటే ఆమె వెనక్కి జరిగి సులువుగా కొడుతోంది. అప్పుడు ఒక బంతి తిరగకుండా, కాస్త కిందగా దూసుకెళ్లి స్టంపులను తాకింది. మల్లేశం లేచి తువ్వాలు ఊపాడు. అయితే గ్యాలరీలో ఎవడో "పేడ వికెట్" అని అరిచాడు, చుట్టూ అందరూ నవ్వారు. నవ్వు అక్కడితో ఆగలేదు. పర్యటన జట్టు కోచ్ రిఫరీ దగ్గరికి వెళ్లి, బంతి పిచ్ వల్లే కిందికి పోయిందన్నాడు. సెలెక్టర్ ఆ పక్కనే కూర్చుంది. విని, రాసుకోబోయిన కలం ఆపింది. నాకు ఒళ్లు మండింది.

ఇన్నింగ్స్ విరామంలో పిచ్ ఊడ్చే ముందు, అంపైర్ల అనుమతితో నేను, రిఫరీ లోపలికి వెళ్లాం. కొత్తగా తయారైన పిచ్ మీద బంతి పడిన ప్రతిచోటా మచ్చ ఉంటుంది. తిరిగే బంతి మచ్చ ఒక పక్కకు గీరుకుపోతుంది. శ్రావణి వేసిన మిగతా బంతులవన్నీ అలాగే ఉన్నాయి. ఆ ఒక్క బంతి మచ్చ మాత్రం నున్నగా, తిన్నగా సాగింది. అక్కడ తాళంచెవి దిగలేదు, వేలు రాస్తే పేడ పొడి అంటలేదు. బంతి వదిలి చూస్తే పక్కచోట్ల ఎంత లేచిందో అక్కడా అంతే లేచింది. శ్రావణిని పిలిచి అడిగాం.

"కావాలెనే ఏసిన సార్. ఆమె ఎనక్కి జరుగుడు సూసిన. చేతి ఏళ్లు తిప్పకుండ బంతిని తోసిన."

రిఫరీ అక్కడి నుంచి నేరుగా సెలెక్టర్ దగ్గరికి వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. అడగకపోయినా చెప్పాను: పిచ్‌లో లోపం లేదు, ఆ బంతి బౌలర్‌ది. రిఫరీ కూడా అదే మాట అంది. కోచ్ విన్నాడు, కెప్టెన్ కూడా విన్నది. సెలెక్టర్ కలం మళ్లీ కదిలింది. ఆ నెలాఖరున జాతీయ శిబిరానికి పిలిచినవాళ్లలో శ్రావణి పేరు వచ్చింది.

ఆ రోజు కెప్టెన్ మాత్రం అక్కడితో వదలలేదు. శ్రావణి దగ్గరికి వచ్చి, ఆ బంతిని ఎలా పట్టుకుందో చూపించమని అడిగింది. నేను తెలుగులో చెప్పాను. శ్రావణి ఎడమచేతిని మెల్లగా వీపు వెనక్కి పెట్టుకుంది.

"మల్ల ఈమెకే ఏసుడు పడొచ్చు సార్. సూపియ్యనని జర మంచిగ చెప్పుండ్రి."

మంచిగానే చెప్పాను. కెప్టెన్ పెద్దగా నవ్వి ఆమె భుజం తట్టింది.

నా ఉద్యోగంలో పిచ్ తయారుచేయడం ఒక్కటే నా పని అనుకునేవాణ్ని. తయారైన పిచ్ బాగుందని నలుగురి ముందు నిలబడి చెప్పడం కూడా క్యూరేటర్ పనేనని ఆ రోజు తెలిసింది. మనం నోరు మూసుకుంటే ఒక అమ్మాయి వేళ్లతో చేసిన పని మన మట్టి ఖాతాలో పడిపోతుంది.