గోలీల మేడం, డాక్టర్ సాబ్

నాకు కుళ్ళు ఎక్కువ. ముందే చెప్తున్న, వేరేటోళ్ళు చెప్తే తెలుసుకునుడెందుకు. మా చెల్లె కొత్త చీర కడితే రెండు రోజులు నాకు అన్నం సయించదు. కానీ ఒక ఖైదీని చూసి కుళ్ళుకుంటనని మాత్రం ఎన్నడూ అనుకోలె.

నేను జైలు దవాఖానాల ఫార్మసిస్టును. బోనకల్‌ల రైలెక్కి కాలేజీకి పోయి, నాలుగేండ్లు చదివి, పరీక్ష రాసి తెచ్చుకున్న నౌకరీ ఇది. మా ఇంట్ల సర్కారు జీతం తీసుకున్న మొదటి మనిషిని. డాక్టరు వారానికి మూడు రోజులే వస్తడు. ఏ బ్యారక్‌కు ఏ మందు పోవాలె, ఎవరికి షుగరు, ఎవరికి బీపీ, ఎవరికి ముందర నిలబడి మింగిపియ్యాలె, అంతా నేనే. గంత చేస్తే లోపల నా పేరు గోలీల మేడం.

మరి ఖైదీలు డాక్టర్ సాబ్ అని పిలిచేది ఎవర్నయ్యా అంటే, శిక్ష పడ్డ ఒక ఆర్ఎంపీని. భద్రాచలం అవతల అడవి ఊళ్ళల్ల బండికి సంచి తగిలించుకొని తిరుగుకుంట సూదులేసెటోడు. సూది వికటించి ఒక మనిషి పోతే లోపలికి వచ్చిండు. డిగ్రీ లేదు, ఏం లేదు. డబ్బాలు మోయడానికి, గది ఊడ్వడానికి నాకు సాయంగ వేసిన్రు.

నెల తిరగకముందే నా కిటికీ కాడ లైను ఆయన కోసం నిలబడ్డది. నేను గోలీ ఇస్తే, "డాక్టర్ సాబ్, ఇది వేసుకోవచ్చునా?" అని నా ముందే ఆయన్ని అడుగుడు. ఆయన తల ఊపితేనే మింగుడు. పోనీ ఆయన ఏమన్న ఎగిరిపడ్డడా అంటే అదీ లేదు. "మేడం ఇచ్చిన్రు గదా, వేసుకో" అనేటోడు. ఆ నిమ్మళం చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండేది.

అన్నిటికన్న ఎక్కువ కడుపు మండింది ఒక ముసలి ఖైదీ దగ్గర. కోయ మనిషి, ఏదో అడవి కేసుల రిమాండు మీద వచ్చిండు. తెలుగు నాలుగు ముక్కలే వచ్చు. టీబీ, దగ్గితే నెత్తురు. ఆరు నెలలు ఒక్క రోజు తప్పకుండ మందు మింగాలె, నడుమ ఆపితే పానానికే ముప్పు. మొదటి రోజు నేనే మింగిపిచ్చిన. రెండో రోజు గోడ దిక్కు తిరిగి కూర్చున్నడు. ఆర్ఎంపీ పక్కన కూలబడి కోయల మాట్లాడిండు. "మూత్రం ఎర్రగ వస్తుందంట మేడం. నెత్తురనుకొని భయపడ్డడు. మందు రంగే అని చెప్పిన" అన్నడు. ఆ మాట ముందే చెప్పాల్సింది నేను. తప్పు నాది, కోపం ఆయన మీద. అత్త మీది కోపం దుత్త మీద అంటే గిదే.

ఆనాటి సంది ఆర్ఎంపీ పక్కన కూర్చుంటెనే ముసలాయన మింగేది. రెండు నెలలల్ల జర ఒళ్ళు చేసిండు. డాక్టరు వచ్చి చూసి ఆర్ఎంపీ భుజం తట్టిండు. "నువ్వు లేకుంటే ఈయన దక్కెటోడు కాదయ్యా" అన్నడు. రిజిస్టరు పట్టుకొని నేను పక్కనే నిలబడ్డ.

ఆ సాయంత్రమే సూపరింటెండెంటుకు కాగితం రాసిన. సూది కేసుల శిక్ష పడ్డ మనిషిని మందుల కాడ ఉంచుడు మంచిది కాదని. దాంట్ల అబద్ధం ఒక్క ముక్క లేదు, అందుకే సంతకం గట్టిగ పెట్టిన. తెల్లారి ఆయన్ని తోటపనికి మార్చిన్రు. పోతూ పోతూ "ముసలాయన జాగ్రత్త మేడం" అన్నడు. నాకే నేర్పుతుండు అనుకున్న.

ముసలాయన ఏ పేచీ పెట్టలె. గోలీ నోట్లేసుకునుడు, నీళ్ళు తాగుడు, పోవుడు. నా చేతుల మీదగూడ మింగుతుండని మురిసిపోయిన. పాల్వంచ ప్లాంటుల షిఫ్టు దిగి వచ్చిన మా ఆయనకు గూడ గొప్పగ చెప్పుకున్న. మింగినంక నోరు తెరిపిచ్చి చూడాలె, అది రూలు. ఆ సంబరంల చూడలె.

నెల దాటేసరికి మనిషి సగమైండు. దగ్గితే మళ్ళ నెత్తురు. వార్డరు ఆయన దుప్పటి దులిపితే మడతల్ల నుంచి గోలీలు రాలినయి. అన్నీ నేనిచ్చినయే.

తోటకు నేనే నడుచుకుంట పోయిన. ఆర్ఎంపీ వంగ మడికి నీళ్ళు పెడుతుండు. "జర వచ్చి అడుగయ్యా, ఎందుకు దాచిండో" అన్న. ఆ ఒక్క మాట అననీకి నాకు పానం పోయినంత పనైంది.

ఇద్దరూ చానాసేపు మాట్లాడుకున్నరు. ఆఖరికి ఆర్ఎంపీ నా దిక్కు చూడకుండనే చెప్పిండు. "ఈ మందు మింగిపిచ్చినందుకే నన్ను తీసేసిన్రు అనుకున్నడంట మేడం. తను ఇంక మింగితే నాకు శిక్ష పెరుగుతదని దాచిండంట."

సిగ్గుతోటి నా తల నేలకు దిగిపోయింది. నా కాగితం వాపసు తీసుకుంటున్న అని ఇంకో కాగితం రాసిచ్చిన. కఫం పరీక్ష మళ్ళ చేయించి, మందు మొదటి నుంచి మొదలుపెట్టాలె అన్నడు డాక్టరు. తిన్న రెండు నెలల మందు గంగల కలిసింది.

ఆర్ఎంపీ మళ్ళ వచ్చిన పొద్దు, ముసలాయనకు గోలీ నేనే అందిచ్చిన. ఆయన దాన్ని అరచేతుల పట్టుకొని ఏదో అడిగిండు.

"ఏందంట?" అన్న.

ఆర్ఎంపీ నా దిక్కు తిరిగిండు. "తను ఇది మింగితే మీరు నన్ను మళ్ళ తోటకు పంపిచ్చేస్తరా అని అడుగుతుండు మేడం."

"పంపియ్య అని చెప్పు" అన్న.

ఆర్ఎంపీ చెప్పిండు. ముసలాయన నా మొఖం చూసిండు, నమ్మలె. మళ్ళ ఆర్ఎంపీ మొఖం చూసిండు. అప్పుడు మింగిండు.