ఇరవై నాలుగు సైకిలు, ఇరవై ఎనిమిది చక్రం

యాభై ఏడేళ్ల వయసులో సైకిలు టైర్ల గురించి ఇంత తెలుసుకోవాల్సి వస్తుందని నేను అనుకోలేదు. తెలుసుకోవాలన్న కోరికా లేదు. నా భార్య కిడ్నీలు పాడయ్యాక మంగళవారం, శుక్రవారం ఆమెను కామారెడ్డికి డయాలసిస్‌కు తీసుకుపోవాలి. ఎల్లారెడ్డి రోడ్డు మీద, మా స్టేజీ దగ్గర పొద్దున ఆరున్నర బస్సు అందితేనే మొదటి విడతలో ఆమెకు మిషన్ దొరుకుతుంది. ఊరికీ స్టేజీకీ మధ్య నాలుగు కిలోమీటర్ల మట్టిబాట. ఆ వేళకు ఆటో రాదు. మోటారు బండి నడపడం నాకు రాదు, ఇప్పుడు నేర్చుకునే ఓపికా లేదు. ఉన్నదల్లా పాత సైకిలు. వెనక క్యారియర్ మీద దుప్పటి మడిచి వేసి, ఆమెను కూర్చోబెట్టుకుని తొక్కుతాను.

మక్క కంకి పట్టే రోజుల్లో అడవిపందుల బాధకు అందరం తుమ్మకంప నరికి చేల చుట్టూ వేస్తాం. కంపను తాడుతో కట్టి బాట వెంట ఈడ్చుకుపోవడమే మా దగ్గర అలవాటు. మోసుకుపోయే ఓపిక ఎవరికుంది? ముళ్లన్నీ బాటలోనే రాలతాయి. ఎవరిని తిట్టను? నిరుడు మా చేనికి కంప ఈడ్చింది నేనే, ఆ బాటలోనే. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఒక శుక్రవారం సగం బాటలో వెనక చక్రం గాలి పోయింది. ఆమె కాళ్లు వాచి ఉన్నాయి, నడిచే స్థితి లేదు. దిగవద్దని చెప్పి, రిమ్ము నేలకు కొట్టుకుంటుంటే అలాగే తోసుకుంటూ పోయాను. స్టేజీ కనిపిస్తుండగానే బస్సు వెళ్లిపోయింది. తర్వాతి బస్సులో చేరేసరికి అన్ని మిషన్ల మీదా మనుషులున్నారు, రేపు రమ్మన్నారు. ఒంట్లో నీరు ఊపిరికి అడ్డుపడి మర్నాటిదాకా ఆమె వెన్ను వాల్చలేదు. గోడకు ఆనుకుని కూర్చుని ఆయాసపడింది. నేను పక్కన కూర్చుని చూశాను. అంత చేతగానివాడినని అంతకు ముందెప్పుడూ అనిపించలేదు.

ఆ తర్వాత నాకు తోచిన వైద్యాలన్నీ చేశాను. పాత టైరు అంచులు కోసేసి, మిగిలిన పట్టీని లోపల ట్యూబుకు రక్షణగా పెట్టాను. ముళ్లను ఆపిందో లేదో గాని, కోసిన అంచే రాసుకుని రాసుకుని ట్యూబును తినేసింది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది.

మంగళవారం ఆమెను మిషన్ మీద పడుకోబెడితే నాలుగు గంటలు నాకు పని లేదు. కామారెడ్డిలో ఒక సైకిళ్ల దుకాణానికి వెళ్లి, ఇరవై నాలుగు సైకిలుకు ముల్లు దిగని టైరు కావాలన్నాను. మా వైపు సైకిలును అట్లాగే అంటాం, ఇరవై రెండు సైకిలు, ఇరవై నాలుగు సైకిలు అని. కౌంటర్ దగ్గరి మనిషి మారు మాట్లాడకుండా ఒక టైరు తీసి ఇచ్చాడు. బర్రెతోలంత మందం. బస్సులో దాన్ని ఒడిలో పెట్టుకుని, ఆమె తల నా భుజం మీద ఉండగా ఇంటికొచ్చాను. గెలిచినంత సంబరం నాకు.

మర్నాడు ఎల్లారెడ్డిలో, ఎప్పుడూ పంక్చర్లు వేసే చాచా దగ్గరికి పోయాను. డెబ్బై దాటిన మనిషి. కొత్త టైరును నా చక్రం పక్కన నిలబెట్టాడు. జానెడు కాకపోయినా బెత్తెడు చిన్నగా ఉంది.

“ఇరవై నాలుగంటే సీటు కింది పైపు ఎత్తు తమ్మి, చక్రం గాదు,” అన్నాడు. “నీ చక్రం ఇరవై ఎనిమిది. ఇది పోరగాండ్ల సైకిల్‌ది.”

నలభై ఏళ్లుగా తొక్కుతున్న సైకిలు గురించి నాకు తెలిసింది అంతేనన్నమాట. చాచా తడిగుడ్డతో నా పాత టైరు పక్క తుడిచి, అరిగిపోయిన అంకెలు చూపించాడు. ఇరవై ఎనిమిది, ఒకటిన్నర, దాని పక్కన 635. రిమ్ము మీద టైరు అంచు కూర్చునే చోట అడ్డం కొలత అదట, మిల్లీమీటర్లలో. ఇరవై ఆరు అని రాసి ఉన్నవాటిల్లో కూడా ఆడవాళ్ల సైకిలుది వేరు, లావు టైర్ల కొత్త సైకిలుది వేరు, ఒకటి ఇంకోదానికి ఎక్కదట. పెద్ద అంకెను నమ్మొద్దు, ఈ మూడంకెల కొలత కలిస్తేనే కొనమన్నాడు. ఆమె మందుల చీటీ వెనక 635 అని రాసుకున్నాను.

శుక్రవారం దుకాణంవాడు సణుక్కుంటూనే మార్చాడు. గాలే అక్కర్లేని గట్టి రబ్బరు టైరు ఉంది, జన్మలో పంక్చర్ కాదు, తీసుకోమన్నాడు. కానీ దాని మీద పోతే ప్రతి గులకరాయీ వెనక కూర్చున్న మనిషి నడుముకు తగులుతుంది. వద్దని, నేలకు తగిలే చోట లోపల మందపు రబ్బరు పొర ఉన్నది తెచ్చుకున్నాను. చాచా బిగిస్తూ ముందే హెచ్చరించాడు, ఇది బరువు టైరు, వెనక మనిషిని వేసుకుని తొక్కాలంటే రొమ్ము నొస్తుందని.

నొయ్యలేదు. వారాలు గడిచాయి, ఒక్క పంక్చర్ లేదు. స్టేజీ దగ్గర దిగి టైరులో సగం దిగిన ముళ్లను పీకి పారేసేవాణ్ని, అంతే. బాటలో కాలువగట్టు ఎత్తు దగ్గర ఎప్పుడూ దిగి తోసేవాణ్ని, ఇప్పుడు దిగకుండానే ఎక్కిస్తున్నాను. నెలల తర్వాత నా మనసు కాస్త తేలికపడింది. ఒక మంగళవారం స్టేజీలో ఆగగానే ఆమెతో అన్నాను, చాచావన్నీ ఉత్త భయాలే, టైరు ఎంత తేలిగ్గా పోతోందో చూడు అని.

ఆమె నా భుజం పట్టుకుని మెల్లగా దిగింది. కొంగు సర్దుకుంది.

“టైర్ తేలిగ్గ లేదయ్యా,” అంది. “నేనే అయితున్న. మిషన్ ఎక్కిచ్చే ముందట తూకం పెడ్తరు గద. నెల నెలా దిగుతున్నది. నువ్వు గింత సంబురపడుతుంటే చెప్పబుద్ధి కాలే.”

బస్సు టైముకే వచ్చింది. ఎక్కాం.

తర్వాతి శుక్రవారం నుంచి, ఆమె బరువు ఏమీ తగ్గనట్టే, కాలువగట్టు దగ్గర మళ్లీ దిగి తోస్తున్నాను. ఎందుకు దిగుతున్నావని ఆమె అడగలేదు.